కొండపరుగు – ఊపిరిపొదుపు

నెలజీతము చేతికి వచ్చిన మొదటి వారముననే దానినెల్ల వెచ్చించి, తక్కిన మూఁడు వారములును పొరుగింటి వాకిట నిలుచు గృహిణిని లోకము మెచ్చదు. బియ్యమున కెంత, పప్పున కెంత, పిల్లల పుస్తకముల కెంత, చెప్పకుండ వచ్చు చుట్టముల కెంత యని మనసులోనే లెక్కవేసికొని, నెల కడపటి దినమునఁ గూడ డబ్బాలో గుప్పెడు మిగుల్చుకొను నేర్పు మనకుఁ దల్లులవలన నబ్బినది. బడిపంతులు భార్యకు ఈ విద్య మఱింత యక్కఱయని వేఱుగఁ జెప్పనేల? ఈ నేర్పే కొండమీఁదఁ బరుగెత్తువారికిని ముఖ్యసాధనమని సోదరీమణులకు విన్నవించుట యీ వ్యాసమున నా యుద్దేశము.

పట్టణపు రాజమార్గములందు జరుగు మారథాను పందెములు, అనఁగా 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగులు, పత్రికలు చదువువారికిఁ బరిచితములే. కొండదారుల పందెములు వానికంటె వేఱు. ఇందు దారి మట్టిది, ఱాళ్లది. ఒక్కొక్కచోట చేతులూఁతగాఁ బెట్టి ప్రాఁకవలసినది. కిలోమీటరునకు నిన్ని నిమిషములని నియమము పెట్టుకొనుటకు వీలులేదు. మొదటి కిలోమీటరు ఏడు నిమిషములలో ముగిసి, రెండవది ఇరువది నిమిషములు పట్టవచ్చును. కాలపు గడువు మాత్రము తప్పదు. నిర్ణయించిన వేళకు నిర్ణయించిన చోటు చేరనివారిని అచటనే యాఁపివేయుదురు. కావున ఎంత వేగముగఁ బోఁగలనని యడుగుకొనుట యిచట ప్రయోజనకారి కాదు. నాయొద్ద నున్న బలమును ఏచోట నెంత వెచ్చించినచో, గడువులోపల, కాళ్లు చెడకుండ, తుద ముట్టఁగలనని యడుగుకొనవలెను.

మా ఖిల్లా ఘణపురమునఁ బుట్టినవారికిని మెట్టినవారికిని ఈ లెక్క క్రొత్తది కాదు. ఊరి నంటి రెండు కొండలున్నవి. వానిని గలుపుచుఁ గాకతీయ సామంతుఁడగు గోన గణపరెడ్డి పదుమూఁడవ శతాబ్దమున దుర్గము నిర్మించెను. ఊరిపేరునందును, గణపసముద్రమను చెఱువు పేరునందును ఆయన నేఁటికిని నిలిచియున్నాఁడు. ద్విపదలో రంగనాథ రామాయణమును రచించినవాఁడని ప్రసిద్ధి కెక్కిన గోన బుద్ధారెడ్డియు నా గోనవంశమువాఁడే. 2016లో వనపర్తి జిల్లా యేర్పడువఱకు మాది మహబూబ్‌నగరు జిల్లా, వాడుకలోఁ బాలమూరు. ఇప్పుడు సెలవుదినములందు యువతీయువకులు పట్టణములనుండి వచ్చి యీ దుర్గము నెక్కి పోవుచుందురు.

దుర్గముల త్రోవలకు ఒక గుణము గలదు. అవి సుఖముగ నెక్కుటకుఁ జేసినవి కావు. శత్రువు ద్వారము చేరునప్పటికి రొప్పుచు, కత్తి యెత్తలేని స్థితిలో నుండవలెనని కట్టించినవారి తలంపు. ఏడువందల యేండ్ల పిదపను ఆ యుపాయము పట్టణపు పిల్లలమీఁదఁ జక్కఁగాఁ బనిచేయుచున్నది! మొదటి మలుపుదాఁకఁ గేకలు వేయుచు నురుకుదురు. రెండవ మలుపునఁ బండమీఁదఁ గూలఁబడి నీళ్లసీసాలు తీయుదురు.

సీతాఫలములు పండుకాలమున గంప నెత్తినఁ బెట్టుకొని కొండదారిఁ బట్టు అవ్వల నడకను నేను చాలకాలము గమనించితిని. వారు పరుగెత్తరు, నిలువనైన నిలువరు. నిట్టయెక్కుడున అడుగు జానెడు వేయుదురు, చదునున మూరెడు వేయుదురు. ఊపిరి మాత్రము ఒక్కతీరున నడచుచుండును. ఒకతె నడిగితిని, ఆయాసము రాదా యని. "ఆయాసం ఎన్కనే ఉంటది బిడ్డా. మనం ఉరికితె అది గూడ ఉరుకుతది" అని గంప సరిచేసికొని సాఁగిపోయెను.

శాస్త్రపరిభాషలోఁ జెప్పినచో నా మాటయే యిట్లుండును. రక్తము కొనివచ్చు ప్రాణవాయువు కండరములకుఁ జాలినంతవఱకు పని చాలసేపు సాఁగును. ఆ హద్దు మీఱి శ్రమపడితిమా, కండరములలో దాఁచియున్న శర్కర వేగముగఁ గరఁగిపోవును, ఊపిరి పెనుఁగులాడును, కాళ్లు బరువెక్కును. చదునునేలమీఁద హద్దు దాఁటుట మనకుఁ దెలియును. ఏలన వేగము కంటికిఁ గనఁబడును. కొండమీఁదనో, నెమ్మదిగఁ బోవుచున్నామనుకొనుచునే దాఁటిపోవుదుము. అందుచేత కొండపరుగున వేగమును సమముగ నుంచుట కాదు, శ్రమను సమముగ నుంచుట చేయవలసిన పని. ఎక్కుడున వేగము తగ్గును, తగ్గనిండు. దిగుడునఁ బెరుఁగును, మితముగఁ బెరుఁగనిండు. లోపలి మంట మాత్రము, పాలు కాఁచునప్పటి సన్నసెగవలె, ఒక్కతీరుగ నుండవలెను.

ఈ సెగను గొలుచుటెట్లు? గుండెకొట్టుకొనుటను లెక్కించు గడియారములు నేఁడు మణికట్టునకు వచ్చినవి. అవి లేనివారు చింతింపనక్కఱలేదు. మాటాడుటకు ఊపిరి యెంత మిగిలినదో చూచుకొనుట వైద్యులును వ్యాయామాచార్యులును ఒప్పుకొన్న పరీక్షయే. చిన్ననాఁట నింటనే పద్యములు వల్లించినదానను గనుక, నేను దానికి నా కొలఁబద్ద నేర్పఱచుకొంటిని. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు, పదవ యక్షరమునఁ యతి. చదునున మెల్లగఁ బరుగెత్తుచు నొక పాదమును ఒక్క యూపిరిలోఁ జెప్పఁగలిగితినా, సెగ సరిగనున్నది. ఎక్కుడున నంత పొడవు సాఁగదు; యతికడ విఱుగును. అప్పుడు ద్విపదకు దిగుదును. ద్విపదపాదము 11 మొదలు 15 అక్షరములు; నడకకుఁ దగిన నడక దానిది. ద్విపదపాదము సైతము నడుమ తెగినచో, పరుగైనను నడకయైనను తగ్గించి తీరవలెను. పద్యములు రానివారు బతుకమ్మపాట చరణముతోఁ గొలుచుకొనవచ్చును. మా గుంపులో నొకతె ఎక్కముల నప్పగించుకొనుచుఁ బోవును. పదుమూఁడవ యెక్కము తప్పినప్పుడెల్ల నడకకు దిగును.

ఇఁక దారి యెంతయని ముందే తెలిసికొనుటకుఁ జిన్న గణితము గలదు. 1892లో స్కాట్లండు దేశపు పర్వతారోహకుఁడు విలియం నెయిస్మిత్తు ఒక సూత్రము వ్రాసియుంచెను: కొండదారిని మూఁడు మైళ్లకు ఒక గంట, ఎక్కిన ప్రతి 2,000 అడుగులకు మఱొక గంట. దీనిని విఱిచి చూచినచో, ఎక్కిన యెత్తు చదునునేలపై దానికి దాదాపు ఎనిమిదింతల దూరమునకు సమానమని తేలును. అనఁగా 10 కిలోమీటర్ల దారిలో మొత్తము 300 మీటర్ల యెక్కుడున్నచో, అది 10 కాదు, 12 కిలోమీటర్ల 400 మీటర్ల దారియని లెక్కఁగట్టుకొని బలమును బంచుకొనవలెను. "పదే గదా" యని బయలుదేఱి, పదవ కిలోమీటరున కన్నీరు పెట్టుకొనువారు ఈ కూడికను మఱచినవారే. దిగుడునందుఁ గొంత తిరిగివచ్చును గాని, ఖర్చుచేసినదంతయు రాదు. తాకట్టుపెట్టిన నగ వంటిది. విడిపించుకొనునప్పటికి వడ్డి పోవును.

మావారు పాఠశాల పిల్లలచేత నొక పరీక్ష చేయించిరి. మొదటి ద్వారముదాఁక మూఁడుమాఱు లెక్కి దిగవలెను. ఒక కుఱ్ఱవాఁడు మొదటిమాఱు తొమ్మిది నిమిషములలో నెక్కి అందఱచే భేషనిపించుకొనెను. మూఁడవమాఱు వానికిఁ బదునాఱు నిమిషములు పట్టెను. ఒక యాఁడుపిల్ల మూఁడుమాఱులును పండ్రెండు నిమిషములకు అటునిటుగ నెక్కెను. కూడి చూచినచో నామెయే ముందు. కుఱ్ఱవాఁడు లెక్కను మూఁడుసార్లు సరిచూచెను. ఒప్పుకొనుటకు మనసు రాలేదు.

ఇది యొక్క పిల్లవాని సంగతి కాదు. అమెరికాలో రాబర్టు డీనరు మొదలగు పరిశోధకులు 14 మారథాను పందెములందలి 91,000కుఁ బైచిలుకు పరుగుల కాలములను బరిశీలించి 2015లోఁ బ్రకటించిరి. పందెపు రెండవసగమున మగవారు ఆఁడువారికంటె నెక్కువగ నెమ్మదించుచున్నారని తేలినది. కారణములు శరీరమునం దున్నవా, స్వభావమునం దున్నవా యన్నది పండితులు చర్చించుకొందురు గాక. నాకు మాత్రము వంటయింటి డబ్బా గుర్తుకువచ్చును.

ఇంతటి పొదుపరులను పరుగులకుఁ బనికిరారని లోకము చిరకాలము దూరముంచెను. 1928లో ఆమ్‌స్టర్‌డాము ఒలింపిక్ క్రీడలందు స్త్రీలకు 800 మీటర్ల పరుగును మొదటిసారి పెట్టిరి. పరుగు ముగిసిన పిదపఁ గొందఱు స్త్రీలు అలసి నేలఁ గూలిరని పత్రికలు గోరంతను గొండంత చేసినవి. అలసి పడుట మగవానికి వీరలక్షణము, ఆఁడుదానికి దౌర్బల్యము! ఆ పరుగును దీసివేసి, 1960లోఁ గాని మఱలఁ బెట్టలేదు. 1967లో బోస్టను మారథానున కాత్రిన్ స్విట్జరు పరుగెత్తుచుండఁగా, నిర్వాహకుఁ డొకఁడు వెనుకనుండి వచ్చి యామె అంకెచీటి లాఁగివేయఁ బ్రయత్నించెను. ఆమె నిలువలేదు, తుదముట్ట పరుగెత్తెను. అచట స్త్రీలకు అధికారముగఁ బ్రవేశము 1972లో వచ్చెను. ఒలింపిక్ క్రీడలందు స్త్రీల మారథాను 1984లో మొదలు. ఇది మన తల్లుల కాలపు మాట. మన తెలంగాణమునందో, నిజామాబాదు ప్రాంతపుఁ బిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లైన నిండకుండ, ఎవరెస్టు శిఖర మెక్కెను. ఆమె శిక్షణ మొదలైనది భువనగిరి బండమీఁద. మన బండలు సామాన్యములని యనుకొనరాదు.

మహాప్రస్థానమున హిమవంతమువైపు నడచుచు ద్రౌపది మొదటఁ బడినదని చదివినప్పుడెల్ల నాకుఁ గష్టముగఁ దోఁచెడిది. ధర్మరాజు దానికిఁ జెప్పిన కారణము వేఱు, అది ధర్మసూక్ష్మము. నాబోఁటి యిల్లాలికిఁ దోఁచునది మఱొకటి. ఐదుగురు మగవారి యడుగులకుఁ దన యడుగును గలుపుకొనుచు, అందఱి వెనుక, ఒక్కమాఱైన ఆగుఁడని యడుగక యామె నడచెను. కొండమీఁద ఇతరుల నడకను అరువు దెచ్చుకొనుటకంటె మించిన దుబారా లేదు. భర్తతోఁ గలిసి పందెమున కేఁగువారు బయలుదేఱుచోటనే "మీ నడక మీది, నా నడక నాది, తుదిని గలిసికొందము" అని మర్యాదగఁ జెప్పుకొనుట మేలు. కాఁపురమునకు దీనివలన హాని లేదు.

ఎక్కుడునఁ బాటింపవలసినవి చాల లేవు. అడుగు కుఱుచ చేయుట, చూపు నాలుగడుగుల ముందుంచుట, నడుము వంపక కొండవైపు కొంచెము మొగ్గుట, నిట్టయెక్కుడునఁ జేతులను మోకాళ్లపైఁ దొడలమీఁద మోపి నొక్కుచు నడచుట. నడచుటకు సిగ్గుపడరాదు. 2017లోఁ గొలరాడో విశ్వవిద్యాలయపు పరిశోధకులు 30 డిగ్రీల వాలున పరుగును నడకను బోల్చి చూచిరి. అట్టి యెక్కుడున మెల్లని వేగములకడ నడకకే తక్కువ శక్తి పట్టునని తేల్చిరి. మనబోఁటివారు ఆ వాలున ఎట్లును మెల్లగనే పోవుదురు గనుక, పరుగువలె ఎగిరెగిరి పడుట వట్టి ఆడంబరము. ఒకటి మాత్రము మఱవరాదు: ఎక్కుడు ముగిసి చదును వచ్చినవెంటనే పరుగు లంకించుకొనవలదు. ఇరువది ముప్పది యడుగులు నడచి, ఊపిరి యతికి వచ్చిన పిదపఁ బరుగెత్తవలెను.

దిగుడుసంగతి చెప్పవలసినది యెక్కువ. పలువురు ఎక్కుడునకు భయపడి దిగుడును బహుమానముగ భావింతురు. తుదిచేరకుండఁ జేయునది తఱచుగ దిగుడే. వాలుగ దిగునప్పుడు తొడముందటి కండరములు బరువును మోయుచునే సాఁగవలసివచ్చును. త్రాడును బిగఁబట్టి మెల్లగ వదలుచు బావిలోఁ గడవ దింపునట్లు. ఈ పనివలనఁ గండరపుఁ బోఁగులు లోలోపల తెగును. అప్పుడు నొప్పి తెలియదు. మఱునాఁడు, ఆ మఱునాఁడు మెట్టు దిగుటకు గోడ పట్టుకొనవలసివచ్చునప్పుడు తెలియును. పందెమునందే తెగుట మితిమీఱినచో, కడపటి చదునున కాళ్లు చెప్పినమాట వినవు. కొద్దివాలున మెల్లగఁ బరుగెత్తుట చదునుకంటెను చౌక. వాలు నిట్టగ నగుకొలఁది, బిగఁబట్టుటకే శక్తి పోవును గావున చౌక దక్కదు.

దిగునప్పుడు వెనుకకు వాలి మడమతోఁ బొడుచుచు దిగుట చాలమందికి సహజముగ వచ్చు నలవాటు. అది మోకాలికిఁ జెఱుపు. మోకాలు కొంచెము వంచి, చిన్నచిన్న యడుగులతో, పాదమును శరీరము క్రిందనే మోపుచు, చేతులు పక్షి ఱెక్కలవలెఁ గొంత చాఁపి దిగవలెను. మా కొండ బండమీఁద సన్నని గరుసు పడియుండును, ఆవాలమీఁదఁ గాలుపెట్టినట్లే. వానకాలమునఁ బాఁచి పట్టును. అట్టిచోట నడువనివారిని నేను సాహసవంతురాండ్రని యనను. దిగుటయు నేర్చుకొనవలసినదే. పందెమునకు రెండుమూఁడు వారముల ముందు ఒక్కసారి బాగుగ దిగి, ఆ నొప్పి ననుభవించి, విశ్రమించినచో కండరములు గట్టిపడి రెండవమాఱు అంతగ నొవ్వవు. ఈ రక్షణ కొన్ని వారములు నిలుచునని శాస్త్రజ్ఞులు చూచిరి. పందెపు వారమున మాత్రము కొండ దిగవలదు.

ఎక్కుడుదిగుడుల వరుసయు నెఱిఁగియుండవలెను. మాకు ఆగ్నేయముగ, నాగర్‌కర్నూలు జిల్లా నల్లమలలో, చైత్రపూర్ణిమకు సలేశ్వరము జాతర జరుగును. లోయలోని లింగమయ్య దర్శనమునకు జనము అడవిదారినిఁ బిలుచుకొనుచు దిగిపోవుదురు. అచట దిగుడు ముందు, ఎక్కుడు పిదప, పైఁగా ఎండకాలము. దిగునప్పటి యుత్సాహమున నీళ్లును బలమును వెచ్చించినవారు తిరుగుదారిని ఱాతికొక యఱగడియ నిలుచుచుందురు. తిరుమలకు అలిపిరి దారిని 3,550 మెట్లు. గాలిగోపురముదాఁక ఎక్కి, ఆపైఁ జదును దొరకఁగానే మొక్కు చెల్లినదని సంబరపడువారికి మోకాళ్లమెట్టు కడపటఁ గాచుకొనియున్నది. కొండపందెమున కేఁగువారు దారిపటమును ముందురోజున చూచి, కడపటి మూఁడవవంతు ఎక్కుడా, దిగుడా, చదునా యని గుర్తుపెట్టుకొనవలెను. పొదుపంతయు ఆ మూఁడవవంతు కొఱకే.

ఆహారమునుగూర్చి క్లుప్తముగఁ జెప్పెదను. గంటకు మించిన పరుగులందు, గంటకు 30 మొదలు 60 గ్రాముల శర్కర లోపలికిఁ బోవలెనని వ్యాయామశాస్త్రజ్ఞుల మతము. ఒక మోస్తరు అరఁటిపండున 25 గ్రాములుండును. నిమ్మకాయంత బెల్లము మఱింత ఘనము. వట్టి నీళ్లు కడుపునిండఁ ద్రాగుట ప్రమాదము. దప్పికి తగినట్లు, ఉప్పుకలిపిన మజ్జిగయో నిమ్మరసమో కొంచెము కొంచెముగఁ బుచ్చుకొనవలెను. మాసీమ జొన్నయంబలి ముందురోజునకు మంచిది, పందెపుటుదయమున బరువు. ఆఁకలి వేసిన పిదపఁ దినుట ఆలస్యము. మొదటి గంట ముగియకముందే మొదలుపెట్టవలెను.

ఆయాసమునకు అభ్యాసలోపమే కారణమని యనుకొనుట యెల్లప్పుడును సరికాదు. 2019–21 నాఁటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణమునందు 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికిఁ బైగా రక్తహీనతగలవారని తేలినది. గర్భము లేని స్త్రీకి రక్తమున హెమోగ్లోబిను 12 గ్రాములకంటెఁ దక్కువయైనచో రక్తహీనత యందురు. ప్రాణవాయువును మోయు బండ్లే కొఱఁతపడినప్పుడు, ఎంత నేర్పుగఁ బొదుపుచేసినను కొండ యెక్కుటెట్లు? కొండపరుగు మొదలుపెట్టు సోదరి మొదటఁ గొనవలసినది పాదరక్షలు కావు. రక్తపరీక్ష చేయించుకొని వైద్యురాలి సలహా పొందవలెను. భోజనముతోఁ దేనీరు త్రాగినచో ఇనుము సరిగ నొంటఁబట్టదు. నిమ్మకాయ, ఉసిరిక తోడైనచో బాగుగ నొంటఁబట్టును.

ఇంకొక మాట, మనలో మనము చెప్పుకొనఁదగినది. ప్రసవించినవారు కనీసము 12 వారములు గడువక పరుగు మొదలుపెట్టరాదని నిపుణులు చెప్పుదురు. పరుగెత్తునప్పుడు, అందును దిగుడున, మూత్రము జాఱుచున్నచో దానిని స్త్రీజన్మపు పాట్లలో నొకటిగఁ దలఁచి దాఁచుకొనవలదు. కటిభాగపుఁ గండరములకుఁ దగిన వ్యాయామమున్నది, చికిత్సయున్నది. అడుగుటకు సిగ్గుపడి పరుగు మానివేసిన వారిని నేనెఱుఁగుదును. ఇఁక వస్త్రములు: సల్వారో, పైజామాయో, మన పొలముపని స్త్రీలు కట్టు గోచికట్టు చీరయో, మోకాలికి అడ్డురానిది యేదైనను సరి. ఎగతాళి చేయువారు కొండక్రిందనే యుందురు, పైదాఁక రారు.

పొదుపుచేసిన బలమును తుదిని వెచ్చించుట మఱొక విద్య. దక్షిణాఫ్రికాలో, 1860 మొదలుకొని మనవారు చెఱకుతోఁటల పనికిఁ బోయి స్థిరపడిన నాటాలు ప్రాంతమున, డర్బనుకును పీటర్‌మారిట్జుబర్గునకును నడుమ 90 కిలోమీటర్ల కొండదారిని కామ్రేడ్సు అను పందెము 1921 నుండి జరుగుచున్నది. ఒకయేఁడు ఎక్కుడువైపు, ఒకయేఁడు దిగుడువైపు పరుగెత్తుట దాని సంప్రదాయము. 1923లో ఫ్రాన్సిస్ హేవర్డు అను స్త్రీ చేరఁగోరఁగా నిర్వాహకులు ఒప్పుకొనలేదు. ఆమె యట్లే పరుగెత్తి 11 గంటల 35 నిమిషములలో ముగించెను. స్త్రీలను నిర్వాహకులు అధికారముగఁ జేర్చుకొనినది 1975లో, ఏఁబదిరెండేండ్ల పిదప.

ఇటీవలి దృష్టాంతము మఱింత యాశ్చర్యకరము. అమెరికాలోని టెనెసీ రాష్ట్రపు టడవికొండలలో బార్క్‌లీ యను పందెము గలదు. దాదాపు నూఱుమైళ్లు, అయిదు చుట్లు, 60 గంటల గడువు. ముగించినవారిని వ్రేళ్లమీఁద లెక్కింపవచ్చును. స్త్రీలలో నొక్కరును లేకుండిరి. 2024 మార్చిలో స్కాట్లండునఁ బశువైద్యురాలుగ నున్న జాస్మిన్ పారిస్, ఇద్దఱు బిడ్డల తల్లి, దానిని 59 గంటల 58 నిమిషముల 21 సెకండ్లలో ముగించెను. గడువునకు మిగిలినవి 99 సెకండ్లు. గేటును ముట్టి యచటనే కూలఁబడెను. ఈమెయే 2019లో ఇంగ్లండునందలి 268 మైళ్ల శీతకాలపుఁ బందెమున, నడుమనడుమ మజిలీలలో చంటిబిడ్డకొఱకుఁ బాలు పిండి యుంచుచు, మగవారినందఱిని మించి మొదటిదిగ వచ్చెను. రెండున్నర దినముల శ్రమలో 99 సెకండ్లు మిగులుట యదృష్టమని కొందఱందురు. మొదటి చుట్టున ఆమె గొప్పకొఱకు రెండు నిమిషముల బలము వృథా చేసియున్నచో ఆ 99 సెకండ్లు ఎచటనుండి వచ్చును?

సామాన్యులకు తుదిమాట యిది. కడపటి ఎక్కుడు ముగిసి, మిగిలిన దారి కంటికిఁ గనఁబడునప్పుడు, ఉత్పలమాలను విడిచిపెట్టవచ్చును. మాటాడుటకు ఊపిరి లేకున్నను తప్పులేదు. అంతకుముందు కాదు. మావైపు ఎండకాలమున వేఁడిమి 40 డిగ్రీలు దాఁటును, బండ సాయంత్రమైనను చల్లారదు. మార్గశిరము మొదలు మాఘముదాఁక అభ్యాసమునకుఁ దగిన కాలము. వారమునకు మూఁడు దినములు చాలును: ఒకదినము చదునున, ఒకదినము కొండమీఁద, ఒకదినము మెల్లగ నెక్కువదూరము. మేము నలుగురము ఆదివారము తెల్లవాఱుజామున ఐదున్నరకు గణపసముద్రము కట్టమీఁదఁ గలిసికొందుము; ఎనిమిదింటికి ఇండ్లకుఁ జేరి పొయ్యి వెలిఁగింతుము. గడియారము మావారిది.